మార్కాపురం పలక, కంభం కట్ట

శ్రీశైలం వెళ్లే వాళ్లకు మార్కాపురం టీ తాగే ఊరు. ఒంగోలు నుంచి వచ్చే బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. జనం దిగుతారు, కాళ్లు చాపుకుంటారు, టీ తాగి మళ్లీ ఎక్కుతారు. ఆపైన పెద్దదోర్నాల, అటవీశాఖ చెక్‌పోస్టు, ఘాట్ రోడ్డు. రాత్రి తొమ్మిది దాటితే చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు కాబట్టి ఎవరి ధ్యాసైనా ముందున్న అడవి మీదే ఉంటుంది. మేమిద్దరం కూడా ఇన్నేళ్లూ ఈ ఊరిని బస్సు కిటికీలోంచే చూశాం.

"ఈసారి శ్రీశైలం వద్దు. మార్కాపురం చూద్దాం, అక్కణ్ణించి కంభం వెళదాం. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటాం" అన్నారు మా ఆయన, కార్తీకమాసంలో ఒక రాత్రి భోజనాల దగ్గర. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కాలువల మీదా, రెగ్యులేటర్ల మీదా ఉద్యోగమంతా గడిచింది గానీ కంభం చెరువు కట్ట ఎక్కలేదన్న వెలితి అలాగే ఉండిపోయింది. నాకేమో మార్కాపురం అంటే పలకల ఊరు. ఒకటో తరగతి పిల్లల చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించడమే నా ఉద్యోగం. ఆ పిల్లల ఒళ్లో ఉండే పలకలు ఎక్కడ పుడతాయో ఒక్కసారైనా చూడాలని నాకూ ఉండేది.

"అక్కడ చూడ్డానికేముంది అత్తయ్యా?" అంది కోడలు. పశ్చిమ ప్రకాశం పేరు వార్తల్లో వచ్చేది కరువు గురించో, ఫ్లోరైడ్ నీళ్ల గురించో, వెలిగొండ ప్రాజెక్టు గురించో కదా. ఆ పిల్ల అలా అడగడంలో తప్పేం లేదు.

తెల్లవారకముందే ఒంగోలు నుంచి కారులో బయల్దేరాం. చీమకుర్తి దగ్గరకు వచ్చేసరికి వెలుతురు పడింది. రోడ్డు పక్కన గ్రానైట్ దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్‌కు చీమకుర్తి పెట్టింది పేరు, ఈ రాయి ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. పొదిలి దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి, కంది చేలు, పొగాకు తోటలు, మధ్యమధ్య బీడు. ఊరి మొదట్లో నీళ్ల ప్లాంటు, దాని ముందు ఇరవై లీటర్ల క్యాన్లు. బోరు వేస్తే నీళ్లు పడకపోవడం ఒక బాధ, పడ్డ నీళ్లు తాగడానికి పనికిరాకపోవడం రెండో బాధ. ఈ రెండూ మోస్తూ బతుకుతున్న నేల ఇది. ఇక్కడ ఏం చూసినా ముందు ఆ సంగతి మనసులో పెట్టుకుని చూడాలి.

మార్కాపురంలో టిఫిను తినబోతే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరికాయి. ఒంగోలులో పొద్దున పూట ఎవరూ ఉగ్గాని అడగరు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. రెండేళ్ల తర్వాత ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా మారినా నాలుక మారలేదు. బొరుగులు నానబెట్టి, పసుపు, పప్పులపొడి వేసి కలిపిన ఉగ్గాని పొగలు కక్కుతూ వచ్చింది. పక్క బల్ల మీద ఇద్దరు రైతులు మాట్లాడుకునే యాస కూడా సగం సీమది.

లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి బజారు నడిమధ్యన ఉంటుంది. వీధి మలుపు తిరగగానే గోపురం ఒక్కసారిగా కనబడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ తల ఎత్తి చూడాల్సి వస్తుంది. లోపల విజయనగర కాలపు పద్ధతిలో రాతి స్తంభాల మండపం. చైత్రమాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు రథం లాగడానికి చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడికే వస్తాయి. మేం వెళ్లిన రోజు మామూలు పొద్దు. పువ్వులమ్మే ఆవిడ అరుగు మీద కూర్చుని మాల కడుతోంది, లోపల సుప్రభాతం ముగిసి జనం పలచగా ఉన్నారు. ఇద్దరం తీరుబడిగా ప్రదక్షిణ చేశాం. శ్రీశైలంలో క్యూలో నిలబడి తోసుకుంటూ చూసిన దర్శనాలు గుర్తొచ్చి, ఇంత దగ్గర్లో ఇంత తీరిక దొరుకుతుందని ఎందుకు తెలుసుకోలేదా అనుకున్నాను.

గుడికి సంబంధించి నాకు బాగా ఇష్టమైనది ఒక శాసనం. 16వ శతాబ్ది నడుమ, సదాశివరాయల కాలంలో వేసింది. అప్పుడు మార్కాపురం కొచ్చెర్లకోట సీమలో ఉండేది. ఈ సీమలోని ఊళ్ల సంతల్లో అమ్మే సరుకుల మీద వచ్చే సుంకాన్ని చెన్నకేశవుడికి ఇస్తున్నట్టు అందులో ఉంది. ఏ సరుకుకు ఎంతో కూడా రాశారు. జొన్నలు, ఉప్పు, మామిడికాయలు, వంకాయలకు తక్కువ సుంకం. బెల్లం, పత్తి, చింతపండుకు అంతకన్నా ఎక్కువ. దానశాసనాలంటే భూములు, గ్రామాలు, ఆచంద్రార్కం అనే మాటలు గుర్తొస్తాయి. ఇందులో వంకాయలున్నాయి. బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు నడిచొచ్చిన ఎవరో ఒక ఆడమనిషి కట్టిన చిల్లర పైకంతో స్వామికి దీపం వెలిగింది. గుడిలోంచి బయటికి రాగానే బజారులో కూరగాయల బండ్లు వరసగా ఉన్నాయి. ముళ్ల తొడిమలతో నిగనిగలాడే గుండ్రటి వంకాయలు కొన్నాం. నాలుగున్నర శతాబ్దాల కిందటి పట్టీలో ఉన్న సరుకు ఇంకా అదే ఊళ్లో అమ్ముతున్నారు. నేను పెద్ద కట్టడాల ముందు నిలబడ్డప్పటికన్నా ఇలాంటి చోటే చరిత్రను ఎక్కువ నమ్ముతాను.

పలకల పని చూడాలంటే ఊరి బయటికి వెళ్లాలి. దారి పొడుగునా పలకరాతి గుట్టలు కనబడతాయి. నల్లవి, బూడిద రంగువి, ఆకుపచ్చ ఛాయవి, తుప్పు రంగు చారలున్నవి. ఒక షెడ్డు ముందు ఆగి, చూడవచ్చా అని అడిగాం. "రాండమ్మా, చూడ్డానికేముంది" అంటూ ఒకాయన స్టూలు తెచ్చి వేశాడు.

షెడ్డు నీడలో ఒక పనివాడు గొంతుకూర్చుని ఉన్నాడు. ముందు రాతి దిమ్మ నిలువుగా పెట్టి ఉంది. వెడల్పుగా, పలచగా ఉన్న ఉలిని రాయి అంచు మీద ఆనించి సుత్తితో చిన్నగా తట్టాడు. చప్పుడు గట్టిగా లేదు. ఉలిని కాస్త జరిపి మళ్లీ తట్టాడు. అంచు పొడుగునా వెంట్రుకంత గీత పడింది. ఆ గీతలోకి ఉలి మొన దించి కొద్దిగా మెలిపెట్టాడు. పుస్తకంలో అంటుకున్న పేజీలు విడిపోయినట్టు దిమ్మ రెండు రేకులైంది. రెండు ముఖాలూ నున్నగా, లోపలి చెమ్మతో నల్లగా మెరిశాయి. ఎండ తగిలి చూస్తుండగానే రంగు పలచబడింది.

"పొర ఎటు పోతుందో అటే కొట్టాలమ్మా. ఎదురు కొడితే పెళ్లలు లేచి ముక్కలైపోద్ది" అన్నాడతను.

"ఎన్ని రేకులు తీయొచ్చు?" అని అడిగారు మా ఆయన.

"రాయిని బట్టి సార్. మంచి రాయైతే ఇంకా పలచగా కూడా వస్తది. పలకకు కొంచెం మందం ఉంచాల, పిల్లోళ్లు పడేస్తారు గదా."

రేకును కొలతకు కోసి, ముఖం రుద్ది నున్న చేసి, చెక్క చట్రం బిగిస్తే బడి పలక. దేశమంతటా ఎన్నో తరాలు ఇలాంటి పలక మీద ఓనమాలు దిద్దాయి. దేశంలో బడిపిల్లల రాతిపలకల్లో ఎక్కువ భాగం మార్కాపురం నుంచే పోయిన కాలం ఉంది. ఇప్పుడు బడి పలకల గిరాకీ తగ్గి, ఇదే రాయి నేల మీదికి, గోడల మీదికి, ఇళ్ల పైకప్పుల మీదికి మారింది, విదేశాలకూ ఎగుమతి అవుతోంది. షెడ్డు యజమాని చెప్పిన లెక్కలో బడి పలకలు వేసవి సెలవుల ముందు చేసే పని, మిగతా ఏడాదంతా టైల్సే.

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం కిందట ఇక్కడ సముద్రం అడుగున సన్నటి ఒండ్రు పేరుకుంది. దాని మీద ఇంకా ఒండ్రు, ఆ బరువుకు గట్టిపడటం, తర్వాత భూమి ముడతలు పడ్డప్పటి ఒత్తిడి. ఆ ఒత్తిడి ఒక వైపు నుంచి పడ్డందువల్లే రాయి ఇలా రేకులుగా విడిపోతుంది. పంటలకు నీళ్లివ్వని ఈ నేల దేశానికి అక్షరాలు దిద్దుకునే చోటు ఇచ్చింది.

షెడ్డు రెండో వైపు కోత మిషను నడుస్తోంది. అక్కడ గాలిలో సన్నటి దుమ్ము. పనిచేసే ఆడవాళ్లు ముక్కుకు పైట చెంగు అడ్డం కట్టుకున్నారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుందనీ, వచ్చాక నయం కాదనీ వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. కోసే చోట నీళ్లు చిమ్మాలి, దుమ్ము లాగే యంత్రం పెట్టాలి, మనిషి మనిషికీ సరైన మాస్కు ఇవ్వాలి. పైట చెంగు దేనికీ అడ్డం కాదు. నా పిల్లలు అక్షరాలు దిద్దిన పలక వెనక ఇలాంటి దగ్గు ఉందని ఇన్నేళ్లూ నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో నిలబడి ఆలోచించకుండా ఉండలేకపోయాను.

అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. ఒకటో తరగతి పిల్లకు రాతి పలకను మించిన పరికరం లేదు. పుస్తకంలో తప్పు రాస్తే అది అక్కడే ఉంటుంది, మర్నాడు తెరిచినా కనబడుతుంది, పైన ఎర్ర సిరా గీత కూడా ఉంటుంది. పలక మీద తప్పు రాస్తే అరచేత్తో తుడిచేస్తుంది, మళ్లీ రాస్తుంది. 'అ' సరిగ్గా వచ్చేదాకా ఎన్నిసార్లు రాసినా, చివరికి టీచరుకు చూపించేది మంచిగా వచ్చిన 'అ' ఒక్కటే. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి గానీ వాటి మీద బలపం జారుతుంది. రాయి బలపాన్ని పట్టుకుంటుంది, గీతకు ఎదురు తోస్తుంది. ఆ తోపుకే చిన్న వేళ్లకు అదుపు వస్తుంది. అంగన్‌వాడీలకూ ఒకటో తరగతులకూ ప్రభుత్వం రాతి పలకలే కొనిస్తే పిల్లలకూ మంచిది, ఈ ఊరికీ మంచిది. ఆ కొనుగోలులో దుమ్ము జాగ్రత్తలు తీసుకున్న షెడ్లకే ఆర్డరు అని ఒక్క షరతు పెడితే సరిపోతుంది.

వచ్చే వసంత పంచమికి మనవరాలి అక్షరాభ్యాసం. చట్రం బిగించిన పలకలు రెండు తీసుకున్నాం.

కంభం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఊళ్లో మెస్సులో భోంచేశాం. మా ఆయన పెరుగన్నం దగ్గరే తొందరపడ్డారు. చెరువు కట్ట దగ్గర కారు దిగాక నా కోసం ఆగలేదు కూడా, ముందు నడిచి వెళ్లిపోయారు.

కట్ట ఎక్కాక ఎదురుగా నీళ్లు. ఆ ఏడు వానలు పరవాలేదు. నిండలేదు గానీ చెరువు చూడముచ్చటగా ఉంది. దూరాన నీలంగా నల్లమల కొండలు, వాటి దాకా నీరే అనిపించేంత వెడల్పు. ఏడు కిలోమీటర్ల పొడుగు, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పు అంటారు. పొద్దుటి నుంచీ ఎండిన చేలు చూసిన కళ్లకు ఆ నీళ్లు నమ్మశక్యంగా లేవు. నేను అక్కడ నిలబడి నీళ్లు చూస్తుంటే, మా ఆయన నీళ్లకు వీపు పెట్టి కట్టకు అవతలి వైపు దిగారు. కట్ట పాదం వెంట వంగి వంగి చూస్తూ నడిచారు. ఒక చోట గొంతుకూర్చుని మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు.

"ఏం చూస్తున్నారండీ?"

"తడి ఉందేమోనని. కట్ట అడుగున ఊట కనబడితే భయపడాలి. ఇక్కడ పొడిగా ఉంది చూడు."

57 అడుగుల ఎత్తున కట్ట, దాని వెనక అంత నీటి బరువు. ఈ వైపు మట్టి పొడిగా ఆయన వేళ్ల మధ్య నుంచి రాలింది. ఆ ముఖంలో కనబడిన తృప్తి నేను చాలా కాలంగా చూడలేదు.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. అడవి దాటి మైదానంలోకి వచ్చి, కంభం దగ్గర రెండు కొండల నడుమ ఇరుకు సందులోంచి బయటపడి, చివరికి ఒంగోలు వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ఆ ఇరుకు సందునే అడ్డం కట్టారు. 430 చదరపు మైళ్ల మేర పడిన వాన ఈ ఒక్క సందుకే రావాలి. సందు చిన్నది కాబట్టి కట్ట చిన్నది, వెనక లోయ పెద్దది కాబట్టి చెరువు పెద్దది. "అసలు తెలివంతా కట్టడంలో కాదు, చోటు వెతకడంలో ఉంది" అన్నారు మా ఆయన. "సర్వే పరికరాలు లేవు, పటాలు లేవు. ఈ కొండలన్నీ కాలినడకన తిరిగి, నీళ్లు ఎటు పోతాయో ఏళ్లకేళ్లు చూసినవాడెవడో ఈ సందు చూపించాడు. వాడి పేరు మనకు తెలీదు."

కట్టించిన వాళ్ల పేరు మాత్రం ఊరు చెబుతుంది. వరదరాజమ్మ. శ్రీకృష్ణదేవరాయల భార్య, ఓఢ్ర గజపతి ప్రతాపరుద్రుడి కూతురు. 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలైన ఆ యుద్ధం, 1515లో కొండవీడు పట్టుకున్నాక కూడా సాగి, చివరికి ఈ పెళ్లితో సంధి అయింది. తండ్రిని ఓడించినవాడిని పెళ్లాడిన ఆ అమ్మాయి రాయలకు దూరమై ఈ కంభంలో ఉండిపోయిందనీ, తన సొమ్ముతో చెరువు కట్టించిందనీ కథ. తుక్కాదేవి అన్నది కూడా ఆమేనంటారు. చెరువుకు అంకురార్పణ అంతకు ముందే గజపతుల కాలంలో జరిగిందని రాసినవాళ్లూ ఉన్నారు. మా ఆయన గజపతుల వైపు మొగ్గారు, నేను వరదరాజమ్మ వైపు. కట్ట మీద కాసేపు వాదించుకున్నాం. నాకు ఆమె మీద అంత పట్టు ఎందుకంటే, యుద్ధంలో ఇచ్చిపుచ్చుకున్న పిల్లగా చరిత్రలో ఒక వాక్యంలో ముగిసిపోవాల్సిన మనిషిని ఈ ఊరి జనం నీళ్లిచ్చిన తల్లిగా ఇన్ని తరాలు తలుచుకున్నారు.

గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్లలో ఇంకా పాత చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినది, 1369 నాటి శాసనం దాని కట్ట దగ్గరే ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని ఖర్చు లెక్క కూడా ఉంది. మా ఆయనకు ఆ జాబితా బాగా గుర్తు. తీపి నీటి నది, దానికి ఆనుకుని కొండలు, వాటి నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతి కట్ట, లోతుగా విశాలంగా ఉన్న గర్భం, దగ్గర్లోనే రాతి గని, కింద సారవంతమైన చదును నేల, పని తెలిసిన మనుషులు. ఒక్కొక్కటీ చెబుతూ చేత్తో చూపించారు. అదిగో కొండ, ఇదిగో కట్ట, అటు చూడు ఆయకట్టు. దోషాల్లో మొదటిది కట్ట కారడం. కిందికి దిగి ఆయన చూసింది అదే. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా ఆ శాసనం దోషంగానే లెక్కగట్టింది. నీటి తగాదాలు ఈనాటివి కావు మరి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ కంభం చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా ఆ గౌరవం దక్కింది. దేశంలో కోటలకు టిక్కెట్లున్నాయి, గైడ్లున్నారు. ఈ కట్ట మీద మేమిద్దరం, గేదెలు తోలుకుపోయే ఒక కుర్రాడు తప్ప ఎవరూ లేరు. హంపీ శిథిలాలు చూసి రాయల కాలం అయిపోయిందని నిట్టూర్చే మనం, ఆ కాలపు పని ఒకటి ఈ రోజుకీ తూము ఎత్తితే పొలానికి నీళ్లిస్తోందని తెలుసుకోకపోవడం నాకు బాధగా ఉంది.

తూము దగ్గర ఒక రైతు కనబడ్డాడు. పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"యాడ నుంచి వచ్చినారు సార్?"

"ఒంగోలు. చెరువు చూద్దామని."

"మంచి ఏడాదే వచ్చినారు. పోయిన సారి వచ్చుంటే పశువులు మేస్తా కనపడేయి లోపల."

చెరువు నిండని ఏళ్లు చాలానే ఉంటాయి. నల్లమలలో వాన పడితేనే నీరు. పడినా పైన ఎక్కడికక్కడ చెక్‌డ్యాములు, కుంటలు ఆపుకున్నాక మిగిలిందే ఇక్కడికి చేరుతుందని అతని ఫిర్యాదు. నూరేళ్ల కిందటి గెజిటీరులో ఈ చెరువు కింద 10,300 ఎకరాలు అని ఉంది. అతనికి ఆ లెక్కతో పని లేదు. తన ఎకరన్నర వరికి చివరి తడి అందుతుందా లేదా, అది చాలు. మా ఆయన చాలాసేపు అతనితో మాట్లాడారు. గర్భంలో పూడిక ఎంత ఉంది, తూము షట్టరు ఎవరు చూస్తున్నారు, కాలువ చివరి రైతుకు వంతు ఎప్పుడు వస్తుంది. అన్నీ పాత ఉద్యోగపు ప్రశ్నలే. అతను కూడా ఎవరో ఒకరు అడిగారన్న ఉత్సాహంతో జవాబులు చెప్పాడు.

"వెలిగొండ నీళ్లు వస్తే మాకు ఈ దిగులుండదు సార్" అన్నాడు చివరికి.

శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి కృష్ణా నీటిని నల్లమల కిందుగా తీసుకురావాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. కొండ అడుగున పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగాలు రెండు తవ్వారు. ఆ నీళ్లు నిలవడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ ఉన్న మూడు సందులను మూశారు. ఆ వివరం విన్నాక నేను మళ్లీ చెరువు వైపు తిరిగి చూశాను. ఐదు వందల ఏళ్ల తర్వాత ఇంజనీర్లు చేసిందీ అదే పని, కొండల మధ్య సందు వెతికి మూయడం. ముంపు గ్రామాల వాళ్లకు అందాల్సింది సక్రమంగా అంది, కాలువలు పూర్తయి, ఈ రైతు పొలానికి నీళ్లు రావాలి. అది జరిగిన రోజున ఈ చెరువు ముందు నిలబడి చెప్పుకోవడానికి వరదరాజమ్మ కథ పక్కన ఇంకో కథ కూడా ఉంటుంది. ఇంతకాలం ఎదురుచూసిన జనానికి అది దక్కాల్సిన కథ.

తిరుగు దారిలో బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం చూడకుండా రావడానికి ఆయన ఒప్పుకోలేదు. చిన్న ఊరు, పాత శివాలయం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఈ ఊరే. ఇక్కణ్ణించి వలసపోయిన కుటుంబం మైసూరు సీమలో ముద్దేనహళ్లిలో స్థిరపడింది, ఆయన అక్కడే పుట్టాడు. కావేరి మీద కృష్ణరాజసాగరం నిర్మాణానికి నాయకత్వం వహించిన మనిషి, 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక నగరాన్ని కాపాడే ఆలోచన చెప్పిన మనిషి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే. పేరులో మాత్రం తరాల కిందట విడిచివచ్చిన ఊరిని చివరిదాకా మోశాడు. కంభం చెరువుకు ఇంత దగ్గరి ఊరి వంశంలో అంత గొప్ప నీటి ఇంజనీరు పుట్టడం కాకతాళీయమే కావచ్చు. మా ఆయన అలా అనుకోవడం లేదు. గుడి ముందు చెప్పులు విడిచి, దేవుడికి ఒకసారి, ఊరికి ఒకసారి దణ్ణం పెట్టారు. ఏటా సెప్టెంబర్ 15న ఆఫీసులో విశ్వేశ్వరయ్య ఫోటోకు దండ వేసినప్పుడు కూడా ఆయన ఇంత శ్రద్ధగా దణ్ణం పెట్టి ఉండరు.

చీకటి పడబోతుంటే లెక్క వేసుకున్నాం. చూడనివే ఎక్కువ మిగిలాయి. రాచర్ల మండలం సత్యవోలులో బాదామి చాళుక్యుల నాటి గుళ్లున్నాయి. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకంలో కాకతీయుల శాసనాలతో పాటు, వాళ్ల మీద తిరగబడిన కాయస్థ అంబదేవుడు 1290లో తన విజయాలు చెక్కించుకున్న శాసనం కూడా ఉంది. గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నంద్యాల దాకా రైలు నల్లమల అడవిలోంచి, బొగద సొరంగంలోంచి పోతుంది. ఆ దారిని పగటిపూట కిటికీ పక్కన కూర్చుని చూడాలని నా కోరిక. ఆయనకేమో గుండ్లకమ్మ అడవిలో పారే చోటు చూడాలని ఉంది, నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గర. అక్కడికి జనం వెళ్లేది శనివారాల్లో. కాబట్టి ఈసారి శుక్రవారం సాయంత్రానికే గిద్దలూరు చేరుకుని లాడ్జిలో దిగాలి. శనివారం నెమలిగుండ్ల, సత్యవోలు చూసి, ఆదివారం పొద్దున నంద్యాల రైలెక్కాలి. పొదిలి వచ్చేలోపు ఇదంతా ఖాయం చేసుకున్నాం. కోడల్ని కూడా తీసుకెళ్లాలని నేనన్నాను.